శిలాజాల పాఠం: పిల్లలు "గట్టిగా నొక్కితే రాయి అవుతుంది" అని రాస్తున్నారు, ఏం చేద్దాం?

నాలుగోక్లాస్_టీచర్

అందరికీ నమస్కారం. నాలుగో తరగతి వాళ్లకు శిలాజాలు ఎలా ఏర్పడతాయో చెబుతున్నాను. అందరూ చేయించే పనే నేనూ చేయించాను. మెత్తటి క్లే ముద్దలో గవ్వను అదిమి, తీసేసి, ఆ గుంటలో ప్లాస్టర్ పోయించాను. పిల్లలు తెగ సంబరపడ్డారు. మర్నాడు "శిలాజం ఎలా తయారవుతుందో నాలుగు వాక్యాల్లో రాయండి" అంటే సగం మందికి పైగా ఒకటే కథ రాశారు: జంతువు చచ్చిపోతుంది, దాన్ని గట్టిగా నొక్కుతారు, అది రాయి అయిపోతుంది. ఒక పాప అయితే "గంట ఆగాలి" అని కూడా కలిపింది. ప్లాస్టర్ ఆరడానికి మేం ఆగింది గంటే మరి, తన లెక్క తనకుంది!

బొమ్మ బాగా వచ్చింది, విషయం తలకెక్కలేదు. చావుకీ రాయికీ మధ్య జరిగేదంతా ఎగిరిపోయింది. పూడుకుపోవడం, కుళ్లడం, నీళ్లు ఇంకడం, ఖనిజాలు చేరడం, ఇవి కంటికి కనిపించేలా ఎలా చూపించాలి? పైగా అన్ని కోట్ల ఏళ్లను తొమ్మిదేళ్ల పిల్లల ముందు ఎలా పెట్టాలి? చేసి చూసినవాళ్లు చెబితే బాగుంటుంది.

రాళ్లపిచ్చి

టీచర్ గారూ, ఆ గవ్వ పనిని పారేయక్కర్లేదు. అది శిలాజాల్లో ఒక రకానికి చక్కటి నమూనా. చిక్కల్లా అన్ని శిలాజాలకూ అదొక్కటే నమూనా అనుకోవడంలో వస్తుంది.

అసలు కథ ఇది. గవ్వ నీటి అడుగున ఒండ్రులో పూడుకుంటుంది. పైన పొరలు పడతాయి, ఒండ్రు బిగుసుకుని రాయి అవుతుంది. తర్వాతెప్పుడో రాతిలోకి ఊరిన నీళ్లకు గవ్వ కరిగిపోతే దాని ఆకారంలో ఖాళీ మిగులుతుంది. అది అచ్చు. ఆ ఖాళీలో ఖనిజాలో, కొత్త ఒండ్రో చేరి గట్టిపడితే అది పోత. ఇందులో ఎవరూ దేన్నీ నొక్కలేదు. పైనున్న మట్టి బరువు నిజమే, కానీ ఆ బరువు పనికొచ్చేది ఒండ్రును బిగించడానికి. మిగతా పని చాలావరకు నీళ్లది. పిల్లల బుర్రలో వేళ్ల స్థానంలో నీళ్లు వచ్చి కూర్చోవాలి, అంతే.

ఎముక సంగతి ఇంకోలా ఉంటుంది. అడ్డంగా విరిగిన డైనోసార్ ఎముక ముక్క ఎప్పుడైనా దొరికితే భూతద్దం పెట్టి చూపించండి. ఎముక లోపలి చిన్న చిన్న గదులు అలాగే ఉంటాయి. గదుల గోడలు ముదురు గోధుమ రంగులోనో నల్లగానో కనిపిస్తాయి. ఒకప్పుడు మజ్జ, రక్తనాళాలు ఉన్న చోట తెల్లటి కాల్సైటో, పొగరంగు సిలికానో నిండి తళుక్కుమంటుంది. భూగర్భజలంలో కరిగి ఉన్న ఖనిజాలు ఆ సందుల్లోకి దూరి, కొంచెం కొంచెంగా పేరుకున్న ఫలితం అది. అందుకే అదే సైజు మామూలు ఎముకతో పోలిస్తే చేతిలో బరువు తెలుస్తుంది. ముక్క దొరక్కపోతే మంచి ఫొటో చాలు. పిల్లలకు నేను మొదట చూపించేది ఇదే. "ఈ తెల్లది ఎక్కడి నుంచి వచ్చింది?" అని ఒక్క ప్రశ్న వేసి ఊరుకోవాలి, మనమే జవాబు చెప్పేయకూడదు.

సుద్దముక్క

రాళ్లపిచ్చి గారు చెప్పిన "సందుల్లోకి దూరడం" క్లాసులో చూపించొచ్చు. స్పాంజి చాలు.

మామూలు స్పాంజిని ఎముక ఆకారంలో కత్తిరించండి. మరీ మందం వద్దు, ఒక సెంటీమీటరు సరిపోతుంది. లోతు తక్కువ ట్రేలో ఇసుక పరిచి, దాని మీద స్పాంజి పెట్టి, పైన మళ్లీ ఇసుక కప్పించండి. వేడి నీళ్లలో ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్ అనే ఉప్పు) ఇక కరగదు అన్నంతవరకు కలపండి (ఈ పని పెద్దవాళ్లే చేయాలి). చల్లారాక ఆ నీళ్లను ఇసుక మీద నెమ్మదిగా పోయించండి. తర్వాత ట్రేని ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టి రోజూ కొంచెం అదే నీళ్లు పోస్తూ ఉండండి. కొన్నాళ్లకు పూర్తిగా ఆరనిచ్చి తవ్విస్తే స్పాంజి గట్టిగా, గరుకుగా వస్తుంది. పక్కనే మామూలు స్పాంజి ముక్క కూడా పెట్టండి. పిల్లలు రెండూ పట్టుకుని నొక్కి చూస్తారు, త్రాసులో వేసి చూస్తారు. బరువు ఎందుకు పెరిగింది అనేది వాళ్లే చెబుతారు.

నేను చూసినంతలో మార్పు తెచ్చేది తవ్వే రోజు కాదు, మధ్యలో రోజూ వెళ్లి "అయిందా?" అని అడిగి "ఇంకా లేదు" అనిపించుకోవడం. శిలాజం గంటలో అవుతుందన్న ఆలోచన అక్కడే సగం చచ్చిపోతుంది.

ల్యాబ్‌కోటు

స్పాంజి పని మంచిదే. రెండు మాటలు మాత్రం కలపాలి. ఒకటి, నీళ్లు ఆవిరై ఉప్పు మిగలడం వల్ల ఇక్కడ గట్టిపడుతుంది. భూమి లోపల అలా ఎండిపోనక్కర్లేదు. నీటి గుణం మారితే చాలు, కరిగి ఉన్న ఖనిజం విడివడి సందుల్లో కూర్చుంటుంది. నాలుగో తరగతికి ఇంత వివరం అక్కర్లేదు గానీ "ఎండ తగిలితే శిలాజం అవుతుంది" అనే కొత్త అపోహ పుట్టకుండా చూసుకోవాలి. నేనైతే ట్రేని కిటికీ దగ్గర కాకుండా అల్మరా మీద పెడతాను. ఆలస్యం అవుతుంది, అవనీయండి.

రెండోది, స్పాంజి లోపల స్పాంజి అలాగే ఉంటుంది. కొన్ని శిలాజాల్లో అసలు పదార్థం కరిగిపోతూ ఉంటే దాని స్థానంలోకి ఖనిజం వచ్చి చేరుతుంది. ఆస్ట్రేలియాలోని లైట్నింగ్ రిడ్జ్‌లో గవ్వలూ, డైనోసార్ ఎముకలూ ఏకంగా ఓపల్ (రంగులు మెరిసే రత్నపు రాయి) అయి దొరుకుతాయి. రంగురంగుల గవ్వ ఫొటో ఒకటి చూపిస్తే పిల్లలు కళ్లార్పరు. స్పాంజి ఎందుకు అలా కాలేదని వాళ్లే అడుగుతారు.

ఎందుకు_ఎందుకు

అందరూ పెద్దలే, కోప్పడకండి. వాళ్లు తొమ్మిదేళ్ల పిల్లలు. ప్లాస్టర్ గవ్వ ఇంటికి తీసుకెళ్లి అమ్మకు చూపించారు, సంతోషించారు. ఖనిజాలు నిండటం, స్థానం మారడం ఇప్పుడే చెప్పి టెన్షన్ పెట్టడం దేనికి? హైస్కూల్లో ఎలాగూ వస్తుంది. నాకు చిన్నప్పుడు ఎవరూ ఇదంతా చెప్పలేదు, నేనేం పాడైపోలేదు.

నాలుగోక్లాస్_టీచర్

ఎందుకు_ఎందుకు గారూ, పేర్లు బట్టీ పట్టించే ఉద్దేశం నాకూ లేదండి. కానీ వాళ్లు ఖాళీ పలకలతో కూర్చోలేదు కదా. "నొక్కితే రాయి" అనేది ఒక వివరణే, కాకపోతే తప్పు వివరణ, అదీ నా క్లాసులోనే పుట్టింది. దాన్ని హైస్కూలు వరకు మోసుకెళ్లనివ్వడం నాకు ఇష్టం లేదు.

సుద్దముక్క గారూ, స్పాంజి రేపే మొదలుపెడతాను. ల్యాబ్‌కోటు గారి అల్మరా సలహా కూడా తీసుకుంటున్నా.

సుద్దముక్క

మొదలుపెట్టండి. ఈలోగా ఇంకోటి. పిల్లలకు ఇంకో గట్టి నమ్మకం ఉంటుంది, చచ్చిన ప్రతిదీ శిలాజం అవుతుందని. దానికి నేను ఒక ఆట ఆడిస్తాను.

పిల్లలందరూ లేచి నిలబడాలి. ఒక్కొక్కరికీ ఒక చీటీ: నత్త, చేప, జెల్లీఫిష్, తూనీగ, సింహం, ఫెర్న్ మొక్క, డైనోసార్, ఎండ్రకాయ. నేను కథ చెబుతూ పోతాను. "మీరు చనిపోయారు. కొండ మీద చనిపోయినవాళ్లు కూర్చోండి, రాబందులు వచ్చేశాయి." ఎవరు ఎక్కడ చనిపోయారో చీటీ వెనకే రాసి ఉంటుంది. "ఒంట్లో గట్టి భాగం లేనివాళ్లు కూర్చోండి." జెల్లీఫిష్ గునుస్తూ కూర్చుంటుంది. "వారంలోగా బురదో, ఇసుకో, బూడిదో కప్పనివాళ్లు కూర్చోండి." ఇక్కడ ఒక్కసారిగా సగం క్లాసు కూలబడుతుంది. "మీరున్న రాయి భూమి లోపలికి దిగి కాలిపోయింది... మీరున్న రాయిని నది కోసుకుపోయింది..." చివరికి ఒకరో ఇద్దరో మిగులుతారు. తరచూ నీటి అడుగున చనిపోయిన నత్తే మిగులుతుంది. అప్పుడు ఆఖరి ప్రశ్న: "మిమ్మల్ని ఎవరైనా చూశారా?" రాయి లోపలే ఉండిపోతే అదీ అంతే సంగతి.

సింహం చీటీ వచ్చినవాడు నత్త చేతిలో ఓడిపోయానని నానా గొడవ చేస్తాడు, చేయనివ్వండి. మ్యూజియంలో గవ్వలు అంత ఎక్కువగా, సింహాలు అంత తక్కువగా ఎందుకుంటాయో ఆ గొడవలోనే తేలిపోతుంది.

రాళ్లపిచ్చి

ఆట అదిరింది. జెల్లీఫిష్ తరఫున ఒక అప్పీలు. ఎప్పుడూ ఓడిపోతుందని మాత్రం చెప్పకండి. కెనడాలో బర్జెస్ షేల్ అని ఒక చోటు ఉంది, 1909లో చార్లెస్ వాల్కాట్ గుర్తించాడు. సుమారు 50 కోట్ల ఏళ్ల కిందటి సముద్రజీవులు, ఎముకా గుల్లా లేని మెత్తటివి కూడా, అక్కడి సన్నటి బురదరాయిలో ముద్రలుగా మిగిలాయి. గబుక్కున వచ్చిపడిన మెత్తటి బురద కింద, ఆక్సిజన్ అందని చోట చిక్కుకోవడం వాటికి కలిసొచ్చింది. కాబట్టి మీ చీటీల్లో ఒక జెల్లీఫిష్ వెనక "బురద ముంచెత్తింది, గాలి ఆడలేదు" అని రాసి పెట్టండి. ఎప్పుడో ఒకసారి అదే గెలవాలి.

అన్నట్టు "వారంలోగా" అన్నారు, బాగుంది. మిగతాదంతా ఎంత ఆలస్యమైనా పర్లేదు, కప్పడం మాత్రం త్వరగా జరగాలి. ఈ తేడా చాలా పుస్తకాల్లో సరిగ్గా రాదు. అంతా నెమ్మదిగా జరిగిందనే రాసేస్తారు.

పాపాయి_నాన్న

నేను టీచర్ని కాదు, డైనోసార్లు తప్ప ఇంకేం మాట్లాడని ఏడేళ్ల పాప తండ్రిని. పెరడంతా తవ్వేసింది. ఏం దొరకలేదని ఏడుపు. ఎక్కడ తవ్వితే దొరుకుతాయని ఏం చెప్పాలి? ఇంకో ప్రశ్న: చెట్టు బంకలో చిక్కిన దోమ నుంచి డైనోసార్ రక్తం తీసి మళ్లీ పుట్టించొచ్చు కదా అంటుంది. నేను "ఏమో" అని తప్పించుకుంటున్నా.

రాళ్లపిచ్చి

పాపకు నా సలాం. పెరటి మట్టి సాధారణంగా ఇటీవలిది, అందులో అంత పాతవి ఉండవు. శిలాజాలు దొరికేది ఎక్కువగా అవక్షేప శిలల్లో, అంటే ఇసుకరాయి, సున్నపురాయి, బురద బిగిసి పొరలు పొరలుగా ఏర్పడిన రాళ్లలో. అదీ సరైన వయసు రాయి అయ్యుండాలి. డైనోసార్ కావాలంటే డైనోసార్లు బతికిన కాలంలో పేరుకున్న పొర కావాలి. ఇక మీ పాపను ఆశ్చర్యపరచాలంటే ఎవరెస్ట్ శిఖరం గురించి చెప్పండి. ఆ కొన మీది సున్నపురాయిలో ట్రైలోబైట్లు (ఎప్పుడో అంతరించిన, గట్టి పెంకున్న సముద్రజీవులు), సముద్ర లిల్లీలు (పేరు పువ్వుదే గానీ ఇవీ జంతువులే), వీటి ముక్కలు ఉన్నాయి. ఒకప్పటి సముద్రపు అడుగు అది, భూమి పైపొరలోని పెద్ద పలకలు ఢీకొని పైకి లేచింది. అంటే తవ్వడమే కాదు, ఎక్కడం కూడా అవసరం కావచ్చు.

దోమ సంగతి. చెట్టు బంక గట్టిపడి అంబర్ అవుతుంది, అందులో పురుగులు రెక్కల గీతలతో సహా మిగులుతాయి, నిజమే. కానీ డీఎన్‌ఏ నిలవదు. ఇప్పటిదాకా చదవగలిగిన అతిపాత డీఎన్‌ఏ గ్రీన్‌లాండ్‌లో గడ్డకట్టిన మట్టి నుంచి వచ్చింది, దాదాపు 20 లక్షల ఏళ్లది, 2022లో ప్రకటించారు. డైనోసార్లు పోయి 6.6 కోట్ల ఏళ్లు. పైగా ఆ 20 లక్షల ఏళ్లదీ చలి కాపాడిన ముక్కలే.

ఇందులోనే టీచర్ గారికి పనికొచ్చేది ఒకటుంది. అన్ని శిలాజాలూ రాళ్లు కావు. అంబర్‌లో పురుగు రాయి కాలేదు. 2007లో సైబీరియాలోని యమాల్‌లో దొరికిన ల్యూబా అనే పిల్ల మామత్ (అంతరించిపోయిన, ఏనుగు లాంటి జంతువు) చర్మంతో సహా గడ్డకట్టి ఉంది. లాస్ ఏంజిల్స్‌లోని లా బ్రియా తారు గుంటల్లో దొరికిన తోడేళ్లు, కత్తికోరల పిల్లులు ఇప్పటికీ అసలు ఎముకలే, తారు పీల్చి గోధుమ రంగుకు తిరిగాయి, అంతే. "శిలాజం అంటే రాయి అయిన జంతువు" అని బోర్డు మీద రాసేస్తే ఇవన్నీ బయటే ఉండిపోతాయి.

మోడరేటర్

డైనోసార్లను మళ్లీ పుట్టించడం మీద వచ్చిన జవాబులను వేరే చర్చకు తరలించాను. ఇక్కడ పాఠం గురించే మాట్లాడుకుందాం.

ల్యాబ్‌కోటు

ప్లాస్టర్ వాడేవాళ్లంతా ఇది చదవండి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నీళ్లు కలిపాక గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. పెద్ద ముద్ద అయితే 60 డిగ్రీలు దాటొచ్చు. 2007లో బ్రిటన్‌లో ఒక స్కూల్లో 16 ఏళ్ల అమ్మాయి ఆర్ట్ క్లాసులో చేతులు బకెట్ ప్లాస్టర్‌లో పెట్టింది. అది బిగుసుకుపోయి తీయలేకపోయింది. కాలిన గాయాలకు దాదాపు వేళ్లన్నీ పోయాయి. కాబట్టి "నా చెయ్యి శిలాజం" అంటూ చేతులు ప్లాస్టర్‌లో ముంచే పని ఎవరైనా సలహా ఇస్తే వెంటనే వద్దనండి. చేతి ముద్ర కావాలంటే క్లేలో వేయించండి, చెయ్యి తీశాకే ప్లాస్టర్ పోయండి.

కలపడం పెద్దవాళ్ల పని. నీళ్లలోకి పొడి వేయాలి, పొడిలోకి నీళ్లు కాదు. ఒక కప్పు నీళ్లకు రెండు కప్పుల పొడి. దుమ్ము లేచేటప్పుడు పిల్లలు దూరంగా ఉండాలి. మిగిలింది సింకులో పోశారంటే పైపులోనే గట్టిపడి కూర్చుంటుంది. గిన్నెలోనే ఆరనిచ్చి విరిచి చెత్తబుట్టలో వేయండి.

బడిగంట

నేను మూడో తరగతి వాళ్లకు చెబుతాను. అచ్చూ పోతా తేడా నాకు అర్థమైంది ఇటలీలోని పాత ఊరు పాంపే వల్ల. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కప్పేసిన మనుషుల శరీరాలు కుళ్లిపోయి, గట్టిపడిన బూడిదలో వాళ్ల ఆకారంలో ఖాళీలు మిగిలాయి. 1863లో జుసెప్పే ఫియొరెల్లి ఆ ఖాళీల్లో ప్లాస్టర్ పోయించి, చుట్టూ బూడిద తీసేయించాడు. బట్టల మడతలు కూడా పడ్డాయి. అవి శిలాజాలు కావు గానీ "వస్తువు పోయింది, ఖాళీ మిగిలింది, ఖాళీ నిండింది" అనే వరుస అంత స్పష్టంగా ఇంకెక్కడా దొరకదు. క్లాసులో చెప్పొచ్చంటారా?

సుద్దముక్క

మూడో తరగతికి వద్దండి. చనిపోతున్న మనుషుల ముఖాలు అవి. రాత్రి నిద్రలో ఉలిక్కిపడి లేస్తే తల్లిదండ్రులు మన దగ్గరికే వస్తారు, వాళ్ల తప్పు లేదు.

ఎందుకు_ఎందుకు

మొత్తానికి సుద్దముక్క గారూ నేనూ ఒక మాట మీదికి వచ్చాం.

రాళ్లపిచ్చి

వరుస కావాలి, భయం వద్దు అంటే దానికి శిలాజాల్లోనే ఒకటి ఉంది. లావాలో శిలాజాలు ఉండవని పిల్లలకు చెబుతాం, అది చాలావరకు నిజం, లావా అంతా కాల్చేస్తుంది. కానీ అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 1935లో కొందరికి బసాల్ట్ (లావా గట్టిపడి ఏర్పడే రాయి) రాతిలో ఒక గుహలాంటి ఖాళీ కనిపించింది. లోపల చూస్తే అది ఖడ్గమృగం ఆకారం. సుమారు 1.5 కోట్ల ఏళ్ల కిందట చెరువులాంటి చోట పడి ఉన్న ఖడ్గమృగం కళేబరం మీదికి లావా వచ్చింది. నీళ్లు తగిలి లావా పైపైన గబుక్కున చల్లబడి, జంతువు చుట్టూ మందంగా గట్టిపడింది. కొన్ని ఎముక ముక్కలు తప్ప మిగతాదంతా పోయి అచ్చు మిగిలింది. మనిషి లోపలికి పాక్కుంటూ వెళ్లగలిగేంత అచ్చు! "మనం ఈ ఖాళీలో ప్లాస్టర్ పోస్తే ఏం వస్తుంది?" అని అడగండి. పిల్లలు కేకలు పెట్టి చెబుతారు.

బడిగంట

ఇది బంగారం. వాడేస్తున్నా.

అడుగుజాడ

కోట్ల ఏళ్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతా. చాలామంది కాలాన్ని 24 గంటల గడియారంగా చూపిస్తారు, "మనిషి చివరి సెకన్లలో వచ్చాడు" అని. చిన్నపిల్లలకు గడియారం చూడటమే ఇంకా పూర్తిగా రాదు. దారం మేలు.

ఒక మిల్లీమీటరు అంటే వెయ్యి ఏళ్లు అనుకోండి. స్కేలు మీద మొదలుపెట్టించండి. ఈజిప్టులోని గ్రేట్ పిరమిడ్ నాలుగున్నర మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. మన జాతి మనుషుల వయసు సుమారు 3 లక్షల ఏళ్లు, అంటే పిల్లల స్కేలు మొత్తం, 30 సెంటీమీటర్లు. ఇక స్కేలు పక్కన పెట్టి బయటికి నడవాలి. మామత్ ల్యూబా సుమారు 42 వేల ఏళ్లది, అది ఇంకా స్కేలు మీదే ఉంది. చివరి డైనోసార్లు 66 మీటర్ల దూరంలో. స్టెగోసారస్ అనే ఇంకా పాత డైనోసార్ దాదాపు 150 మీటర్ల దగ్గర. టీరెక్స్‌కు స్టెగోసారస్ కంటే మనమే దగ్గర అన్నది అక్కడ నిలబడితే కళ్లకు కనబడుతుంది. రెండూ కొట్టుకుంటున్న బొమ్మలు ఉన్న పిల్లలు ఇక్కడ కాస్త బాధపడతారు. ట్రైలోబైట్లు 250 మీటర్ల దగ్గర మాయమయ్యాయి, 520 దగ్గర మొదలయ్యాయి. అంత దూరం నడిపించే వీలు ఉండదు, మైదానం దాటి ఎక్కడి దాకా వస్తుందో చేత్తో చూపిస్తే చాలు. భూమి పుట్టుక నాలుగున్నర కిలోమీటర్లు.

నడిచేటప్పుడు ఏమీ లేని చోట కూడా ఆగండి. పిల్లలు "ఇక్కడ ఏముంది?" అంటారు. "ఇక్కడా జంతువులున్నాయి, చచ్చిపోయాయి, చాలావరకు మిగల్లేదు" అని చెప్పి కదలండి.

ల్యాబ్‌కోటు

ఈ కొలతలో ఒక మనిషి జీవితకాలం వెంట్రుక మందం అంత. వెంట్రుక పీకి స్కేలు మీద పెట్టి చూపించే వీరులు మీ క్లాసులో తప్పకుండా ఉంటారు.

పాపాయి_నాన్న

పేడ గురించి ఎవరైనా చెప్పండి. మా పాప అడగమంది. నిజంగానే.

అడుగుజాడ

పేడ లేకుండా శిలాజాల పాఠం పూర్తి కాదు! మేరీ ఆనింగ్ కథతో చెప్పండి. ఇంగ్లండ్‌లో లైమ్ రీజిస్ సముద్రతీరం. 1811లో ఆమె అన్న జోసెఫ్‌కు కొండవాలులో పెద్ద పుర్రె దొరికింది. మిగతా ఒళ్లు మర్నాడే దొరకలేదు, మేరీ వెతుకుతూనే ఉండి 1812లో బయటికి తీయించింది. అప్పటికి ఆమెకు పన్నెండు పదమూడేళ్లు. అది ఇక్తియోసార్, సముద్రపు సరీసృపం. పెద్దయ్యాక ఆమె ఇంకోటి గమనించింది. ఇక్తియోసార్ల పొట్ట భాగంలో ఉండే వింత రాళ్లను పగలగొడితే లోపల చేప ఎముకలు, పొలుసులు. జనం వాటిని ఇంకేవో రాళ్లు అనుకునేవాళ్లు. విలియం బక్లాండ్ 1829లో వాటికి కోప్రోలైట్లు అని పేరు పెట్టాడు, అంటే శిలాజమైన పేడ. ఏం తిన్నదో అందులోనే రాసి ఉంటుంది.

అలాగే అడుగులు. టాంజానియాలో లేటోలి అనే చోట 36 లక్షల ఏళ్ల కిందట అగ్నిపర్వతపు బూడిద పడింది, వాన దాన్ని తడిపింది, దాని మీద మన పూర్వీకుల్లాంటివాళ్లు రెండు కాళ్ల మీద నడిచారు. బూడిద గట్టిపడింది, దాని మీద మళ్లీ బూడిద కప్పింది. 1978లో మేరీ లీకీ బృందం ఆ జాడలు బయటపెట్టింది. ఒక్క ఎముక లేకుండా నడక మిగిలింది. తడి ఇసుక ట్రేలో ఒక పిల్లాడితో నడిపించి, ఇంకొకడితో పరుగెత్తించి, ఏది ఎవరిదో మిగతావాళ్లతో కనిపెట్టించండి. పైసా ఖర్చు లేదు.

నాలుగోక్లాస్_టీచర్

అందరికీ చాలా థాంక్స్. కొన్ని చేయించాను, చెబుతాను.

చీటీల ఆటకు క్లాసు దద్దరిల్లింది. బురద ముంచెత్తిన జెల్లీఫిష్ గెలిచి బల్ల ఎక్కింది. దారం నడక మధ్యలో వాన వచ్చి ఆపేశాం, స్టెగోసారస్ దాకా వెళ్లలేకపోయాం. స్పాంజి మాత్రం అల్మరా మీద ఆరడానికి బాగా సమయం తీసుకుంది. తవ్వాక ఒక బాబు దాన్ని చెవి దగ్గర పెట్టి గోటితో గీకి "ఉప్పు చప్పుడు" అన్నాడు.

మళ్లీ అదే నాలుగు వాక్యాలు రాయించాను. "నొక్కడం" ఇంకా కొందరిలో ఉంది, కానీ దాని ముందు "బురద కప్పేసింది", వెనక "నీళ్లలోని రాయి లోపలికి వెళ్లింది" వచ్చాయి. "నీళ్లలోని రాయి" అన్నది వాళ్ల మాటే. నేను దిద్దలేదు. దిద్దాలంటారా?

ఇంకో ప్రశ్నకు జవాబు ఇవ్వలేక మీ దగ్గరికి తెచ్చాను. "లోపలంతా రాయే నిండితే మ్యూజియంలో ఉన్నది డైనోసారా, డైనోసార్ లాంటి రాయా?"

రాళ్లపిచ్చి

"నీళ్లలోని రాయి" ఉండనివ్వండి. నీళ్లలో కరిగిన ఖనిజానికి నాలుగో తరగతిలో అంతకంటే మంచి మాట నాకు తట్టడం లేదు.

ఆ ప్రశ్న వేసిన పిల్లకో పిల్లాడికో మూడు సంగతులు చెప్పండి. చాలా డైనోసార్ ఎముకల్లో గదుల గోడలు అసలు ఎముకలోని ఖనిజమే, కాలక్రమంలో కొంత మారి ఉంటుంది, పూర్తిగా పోలేదు. సందుల్లో నిండినది బయటి నుంచి వచ్చినది. అంటే రెండూ కలిసి ఉన్నాయి. ఓపల్ గవ్వ లాంటి వాటిలో ఆకారం గవ్వది, పదార్థం మొత్తం కొత్తది. ఇక మ్యూజియంలో నిలబెట్టినవి కొన్ని అసలు ఎముకలే కావు, వాటి పోతలు. అసలువి బరువెక్కువ, విరుగుతాయి, పరిశోధనకు కావాలి కాబట్టి లోపల భద్రంగా పెడతారు. పక్కనున్న బోర్డు మీద ఏది అసలు, ఏది పోత అని చాలాచోట్ల రాసి ఉంటుంది. మ్యూజియంకు వెళ్లినప్పుడు ఆ బోర్డులు వెతికే పని వాళ్లకే అప్పజెప్పండి.

ల్యాబ్‌కోటు

స్పాంజి ఆలస్యానికి నాదే పూచీ. వచ్చేసారి వానాకాలం కాకుండా చూసుకోండి, గాలిలో తేమ ఉంటే ఎప్సమ్ సాల్ట్ నీళ్లు ఒక పట్టాన ఆరవు. ట్రే అడుగున చిన్న రంధ్రాలు పెట్టి కింద ఇంకో ట్రే ఉంచితే కారిన నీళ్లే మళ్లీ పైన పోయొచ్చు.

నాలుగోక్లాస్_టీచర్

రంధ్రాల ఆలోచన బాగుంది, రెండో సెక్షన్‌కు అలాగే చేస్తాను. మ్యూజియం అనుమతి కాగితాలు ఈ వారమే ఇళ్లకు పంపుతున్నా.